నెవా పేరున పిస్తోలు

తుపాకుల దుకాణం చేరేదాకా ట్రక్కులో డోయల్ పెళ్ళాం నెవా చేత పాఠం అప్పజెప్పించాడు. ఎవరికి కొంటున్నావంటే నాకే అనాలి. ఎందుకంటే ఇంట్లో ఒంటరిగా ఉంటాను, భయం అనాలి. ఎక్కడ పెట్టుకుంటావంటే చేతిసంచిలో అనాలి. అడిగిందానికి మించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకూడదు. తన వైపు చూడకూడదు.

నెవా అన్నిటికీ తలూపింది. రోడ్డు పక్కన కోళ్ళ షెడ్లు పోతున్నాయి. పొడుగాటి రేకుల కప్పులు, వాటి వాసన. ఆ కోళ్ళని కోసే ఫ్యాక్టరీలోనే ఆమె వయసంతా గడిచింది. కత్తి పట్టి పట్టి మణికట్లు పోయాయి. తడి నేల మీద నిలబడి నిలబడి మోకాళ్ళు పోయాయి.

డోయల్ పిస్తోలు కొనడానికి లేదు. రెండేళ్ళ కిందట నెవా దవడ విరగ్గొట్టాడు. కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. జడ్జి జైల్లో పెట్టలేదు గానీ, ఇక బతికున్నంతకాలం తుపాకీ అన్నది ముట్టుకోకూడదన్నాడు. షెరీఫ్ మనుషులు వచ్చి ఇంట్లో ఉన్నవన్నీ ఎత్తుకెళ్ళారు. ఆ రోజు నుంచి నెవాకి కాస్త కన్ను మూతపడుతోంది. డోయల్‌కే పడటం లేదు. ఓక్లహోమాలో ఆ మూల మగవాడు నడుముకి ఏదో ఒకటి లేకుండా పెట్రోలు పోయించుకోవడానికి కూడా పోడు. బొచ్చు పీకిన కోడిలా తిరుగుతున్నానని తనలో తనే గొణుక్కునేవాడు.

తను కొనకూడదు గానీ పెళ్ళాం కొనొచ్చు. ఆమె పేరున ఉంటుంది, తన నడుముకి ఉంటుంది. ఇంత సులువు ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదా అనుకున్నాడు.

నెవాకి మాత్రం అందులో సులువేమీ కనిపించలేదు. ఏదో ఒకనాడు ఆమె ఆ ఇల్లు విడిచిపోవాలి. కాన్సస్‌లో చెల్లెలు ఆర్డిత్ ఉంది. ఎప్పుడొచ్చినా తలుపు తీస్తానంది. ఇంట్లో తుపాకీ లేనంతవరకూ ఆ ఏదో ఒకనాడు అన్నది ఎక్కడో ముందర ఉంటుంది. తుపాకీ వచ్చాక ఉండదు. మొన్న రాత్రి బీన్సులో మొక్కజొన్న రొట్టె ముంచుకు తింటూ డోయల్ వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు, నువ్వు గడప దాటితే రాష్ట్రం ఎల్ల దాకా కూడా పోలేవని. చెప్పి, ఇంకో రొట్టె అందుకున్నాడు.

కొననంటే ఆ రాత్రికి దెబ్బలు. కొంటే ఇక దారే లేదు. దుకాణంలో నోరు తెరిచి ఇది నాక్కాదు, ఇతనికి అంటే? అనొచ్చు. అన్నాక తిరిగి ఎక్కాల్సింది ఆ ట్రక్కే. అడకత్తెరలో పోకచెక్క ఎటు దొర్లినా అడకత్తెరలోనే దొర్లుతుంది.

పశువుల దాణా కొట్టు పక్కన ఆర్విల్ స్టాంప్స్ దుకాణం. డెబ్బై దాటిన మనిషి. భుజాల మీంచి పట్టీలు, నడుముకి తన సొంత పిస్తోలు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన కాఫీ. దుకాణంలో ఇంకెవరూ లేరు. డోయల్ నవ్వుతూ పలకరించాడు. మా ఆవిడకి ఒకటి కావాలి పెద్దాయనా, చేతిసంచిలో పట్టాలి, మంచిది చూపించండి అన్నాడు. ఆర్విల్ అతని వైపు కాకుండా నెవా వైపు చూసి, ఎవరికమ్మా అని అడిగాడు.

నాకే అంది నెవా.

అద్దాల బల్లలో నల్లదాన్ని డోయల్ అప్పటికే వేలితో చూపిస్తున్నాడు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. తూటాలు బాగా పడతాయి. ఆర్విల్ దాన్ని తీసి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గుడ్డ మీద పెట్టి ఆమె ముందుకి జరిపాడు. పై భాగాన్ని వెనక్కి లాగితే గానీ మొదటి తూటా లోపలికి ఎక్కదన్నాడు. లాగి చూడమన్నాడు.

నెవా లాగింది. అది సగం కదిలి ఆగింది. మణికట్టులో నరం జివ్వుమంది. మళ్ళీ లాగింది. ఈసారి సగం కూడా రాలేదు. ఏం పర్లేదు, ఇంట్లో నేను లాగి పెడతా కదా అన్నాడు డోయల్.

"దొంగ వచ్చినప్పుడు కాస్త ఆగు నాయనా, మా ఆయన ఊళ్ళోంచి వచ్చి లాగుతాడు అంటుందా ఈవిడ?" అన్నాడు ఆర్విల్.

డోయల్ నవ్వాడు. నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది.

ఆర్విల్ ఇంకోటి తీశాడు. అరచేతిలో ఇమిడిపోయింది. బరువే లేదు. నెవా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మొగుళ్ళందరూ పెళ్ళాలకి ఇదే కొనిపెడతారు, ముద్దుగా ఉంటుందని. ఒక్కసారి కాల్చాక మళ్ళీ ముట్టుకున్న ఆడమనిషిని నేను చూడలేదు అన్నాడు ఆర్విల్. కాల్చగానే వెనక్కి తన్నుతుంది, బరువుంటే ఆ తన్ను బరువే తింటుంది. బరువు లేకపోతే చెయ్యి తినాలి. చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, చిన్న కుక్కే ముందు కరుస్తుంది అంటూ దాన్ని లోపల పెట్టేశాడు.

తర్వాత ఒక రివాల్వర్ తీశాడు. పొట్టి గొట్టం, కర్ర పిడి, లోపలంతా ఉక్కు. అయిదే తూటాలు. లాగాల్సింది ఏమీ లేదు, మీట నొక్కడమే. మీట గట్టిగా ఉంటుంది గానీ మణికట్టుతో పనిలేదు, వేలుంటే చాలు. గోడ మీద జింక తలకాయ వైపు పెట్టి చూడమన్నాడు.

నెవా పట్టుకుంది. పిడి చేతిలో తనంతట తనే కుదురుకుంది. ఫ్యాక్టరీలో తన కత్తి అలాగే కుదిరేది. ఇన్నేళ్ళు ఆమె ఒక్కతే పట్టి, ఆమె చేతికే అరిగిన కత్తి. జింక కళ్ళ మధ్యకి చూసింది. మీట నొక్కింది. టక్కుమంది. మణికట్టు నొప్పి పెట్టలేదు.

ఇది నాది అయితే, అనుకుంది.

అనుకుని, ఆ ఆలోచనని కొనదాకా పోనిచ్చింది. ఆ ఇంట్లో నాది అని ఏముంది? జీతం అతని జేబులో. ఫోను అతను చూశాకే తనకి. ట్రక్కు తాళంచెవి అతని దిండు కింద. ఇది ఒక్కటే తన సంచిలో ఉండిపోతుందా? పోనీ ఉందనే అనుకో. నిద్రపోయే మనిషిని కాల్చలేదు. మేలుకున్నవాడు తనకంటే చురుకు. రివాల్వర్‌ని గుడ్డ మీద పెట్టేసింది. చెయ్యి దాని మీంచి వెంటనే రాలేదు.

డోయల్ అది చూశాడో లేదో గానీ, అది బామ్మలు పెట్టుకునే సరుకు, మాకు ఆ నల్లదే ఇవ్వండి అన్నాడు. దానికి ఒర కూడా కావాలన్నాడు. ప్యాంటు లోపలికి దోపుకునేది. ఆర్విల్ ఒక తోలు ఒర అందించాడు. నెవా చేతికే ఇవ్వబోయాడు గానీ మధ్యలో డోయల్ అందుకున్నాడు. అందుకున్నవాడు అలవాటు చొప్పున చొక్కా ఎత్తి, కుడి తుంటి వెనక్కి ఆనించి, చొక్కా దించి, తల వంచి చూసుకున్నాడు. ఉబ్బెత్తుగా కనిపిస్తోందా లేదా అని. చూసుకుని తృప్తిగా సర్దుకున్నాడు కూడా.

ఆర్విల్ చూశాడు. ఆర్విల్ చూడటం నెవా చూసింది.

ముసలాయన కాఫీ ఒక గుక్క తాగాడు. అమ్మగారికి చేతిసంచిలోకి కాదా అని మెల్లగా అడిగాడు. ఎండలు తగ్గాక నడుముకి పెట్టుకుంటుంది లెండి అన్నాడు డోయల్, ఒర బల్ల మీద పెడుతూ. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆర్విల్‌కి ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్ళు నింపాల్సిన సర్కారు కాగితం బయటికి తియ్యకముందే కాగితంలో అడిగేవన్నీ నోటితో అడిగేస్తాడు. వచ్చేవాళ్ళు కళ్ళద్దాలు ఇంట్లో మరిచి వస్తారు, ఒక గడిలో రాయాల్సింది ఇంకో గడిలో రాస్తారు. నోటితో సరిగ్గా వచ్చాకే కాగితం. రోజూ అడిగి అడిగి అతని నోట్లో అది ప్రార్థన చదివినట్టు గబగబా వస్తుంది. పెద్ద నేరం ఏదైనా చేశావా? లేదు. పోలీసులు నీకోసం వెతుకుతున్నారా? లేదు. మొగుణ్ణి గానీ పిల్లల్ని గానీ కొట్టినట్టు కేసుందా? నా మీద లేదు అంది నెవా. డోయల్ గొంతు సవరించుకున్నాడు.

గంజాయి గానీ ఇంకే మత్తు గానీ వాడతావా? రాష్ట్రం కార్డు ఇచ్చినా సరే, కేంద్రం దృష్టిలో ఆ కార్డు చెల్లదు.

ఈ ప్రశ్న దగ్గర ఎవరూ ఆగరు. ఆ కౌంటీలో సగంమందికి నొప్పులకని డాక్టరు రాసిన గంజాయి కార్డుంది. అందరికీ తుపాకీ ఉంది. ఆ రెండూ ఒకదాన్ని ఒకటి ఎరగనట్టే ఉంటాయి. లేదు అనేసి ముందుకి పోతారు.

డోయల్ అన్నీ నేర్పాడు. ఇది నేర్పలేదు. దాచాడని కాదు, అతనికి తోచలేదు. నెలనెలా ఆకుపచ్చ బోర్డు గంజాయి దుకాణానికి తనే ట్రక్కులో తీసుకెళతాడు. ఆమె మోకాళ్ళకని బిళ్ళలు కొంటుంది. వచ్చేదారిలో సగం తనే చప్పరిస్తాడు. అతని లెక్కలో అది తలనొప్పి మాత్ర.

నెవా తల వంచి బల్లలోకి చూసింది. అద్దం కింద రివాల్వర్ల వరస కనిపిస్తోంది.

"లేదు," అన్నాడు డోయల్.

"నిన్నడగలేదు బాబూ."

"తింటాను," అంది నెవా. "రోజూ రాత్రి. కార్డుంది."

సంచి తెరిచి, కార్డు తీసి అద్దం మీద పెట్టింది. పెడుతున్నప్పుడే తెలుసు, ఈ మాటతో ఆ నల్లదొక్కటే కాదు, కర్ర పిడిది కూడా పోయిందని. ఇదే నిజం చెబితే ఈ దేశంలో ఏ దుకాణమూ ఇక తనకి ఏదీ అమ్మదు. ఆమె తనని తనే లోపల పెట్టుకుని గడియ వేసుకుంది. అయితే అదే గడియ డోయల్‌కి కూడా పడింది, ఆమె పేరున ఇక అతనికీ పిస్తోలు రాదు.

డోయల్ నవ్వాడు. మోకాళ్ళ మందు అది, మత్తేంటి, దీనికి అడగాల్సిందీ తెలీదు చెప్పాల్సిందీ తెలీదు అన్నాడు. ఆర్విల్ అప్పటికే నల్లదాన్ని లోపల పెడుతున్నాడు. చెవిన పడ్డాక అమ్మితే నా లైసెన్సు పోతుంది బాబూ అన్నాడు. రివాల్వర్‌నీ లోపల పెట్టాడు. తాళం తిప్పాడు.

పర్లేదు, పై ఊళ్ళో ఇంకో దుకాణం ఉంది అన్నాడు డోయల్. నెవా మెడ వెనక చెయ్యి వేశాడు. చూసేవాళ్ళకి ముద్దుగా వేసినట్టే ఉంటుంది.

"అక్కడా ఇదే అడుగుతారు," అంది నెవా. "అక్కడా ఇదే చెప్తాను."

మెడ మీద వేళ్ళు ఒక్కసారి బిగిశాయి. డోయల్ ముసలాయన నడుము వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు. ట్రక్కులో ఉంటాను, తొందరగా వచ్చెయ్ అన్నాడు. ఎంతో మెత్తగా అన్నాడు. ఆ మెత్తన ఎలాంటిదో ఆమె దవడకి తెలుసు.

తలుపు మూసుకుంది. కాసేపటికి హారన్ మోగింది.

నెవా కార్డు సంచిలో వేసుకుంది. కాళ్ళు వాటంతట అవే తలుపు వైపు తిరిగాయి. ఇన్నేళ్ళ అలవాటు, హారన్ మోగితే కదలడం.

ఆర్విల్ అద్దం తుడుస్తున్నాడు. మోకాళ్ళు బాగోలేనిదానివి నిలబడతావేం, కూర్చో అన్నాడు. ఎత్తు స్టూలు ఒకటి కాలితో ఇటు తోశాడు. ఆమె కూర్చోలేదు. వెళ్ళనూ లేదు.

"వాడు ఒర నడుముకి పెట్టుకుని చూసుకున్నాడు. నేను చూశాను," అన్నాడు ఆర్విల్. "చూసి ఏం లాభం? కొనడానికి వచ్చింది నువ్వు. ఇది వాడికని నువ్వంటేనే మాట."

అంటే ఏమవుతుందని అడిగింది. ఫోన్ చేస్తాను, షెరీఫ్ మనుషులు వస్తారు, ఎంతసేపట్లో అంటే చెప్పలేను, ఇది వాళ్ళ తిండి వేళ అన్నాడు. అనకపోతే? ఒకావిడ గంజాయి తింటానంది, అమ్మలేదు, అంతే. వెనక తలుపు ఉందా అని అడిగింది. ఉంది, దాని అవతల నా పెళ్ళాం టమాటా పాదులు, వాటి చుట్టూ ముళ్ళకంచె, ఆ మోకాళ్ళతో నువ్వు దాటలేవు అన్నాడు.

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆగకుండా మోగింది. ముందు ట్రక్కు. వెనక కంచె. నెవా స్టూలు మీద కూర్చుంది. వెళ్ళడానికి చోటేమీ లేక కూర్చుంది.

"అది అతనికే," అంది. "అతని మీద కేసుంది. నన్ను కొట్టిందే."

ఆర్విల్ బల్ల చుట్టూ వచ్చి తలుపుకి గడియ పెట్టాడు. అట్ట ముక్క తిరగేశాడు, మూసి ఉందని బయటికి కనపడేలా. వెళ్ళి ఫోన్ తీశాడు.

హారన్ ఆగిపోయింది. అది మోగినప్పటి కంటే ఇదే ఎక్కువ భయం. కంకర మీద అడుగులు వినిపించాయి. తలుపు పిడి కిందికి వంగింది, పైకి లేచింది, మళ్ళీ వంగింది. తలుపు అద్దానికి చెయ్యి అడ్డం పెట్టుకుని డోయల్ లోపలికి చూశాడు.

"నెవా, బంగారం. రావే. ఆకలేస్తోంది, ఇంటికి పోదాం."

ఆమె వేళ్ళు సంచి పట్టీకి చుట్టుకుపోయాయి. లేవలేదు.

ఫోన్లో ఆర్విల్ ట్రక్కు గుర్తులు చెబుతున్నాడు. ఎర్రది అన్నాడు. ఎర్రది కాదు, మట్టి కొట్టుకుపోయింది గానీ నీలం అంది నెవా. నంబరు తెలుసా అని అడిగాడు. తెలుసు. చెప్పింది. ఆర్విల్‌కి వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాడు. తలుపు అవతలికి వినపడుతుందని తెలిసే, ఒక్కో అంకె విడివిడిగా, గట్టిగా చెప్పింది.

తలుపు పిడి కిందికి వంగి, డోయల్ చేతి కింద అలాగే ఉండిపోయింది.