అల్లుడి ఎలర్జీకి రక్తపరీక్ష

మా కోర్సికా దీవి కొండల్లో మేకపాల చీజ్‌కి మా అమ్మ సవేరియా పెట్టింది పేరు. రాతి గదిలో నెలల తరబడి మగ్గిన ఆ చీజ్ కోస్తే, వీధి చివర పడుకున్న కుక్కలు లేచి కూర్చుంటాయి. లియోన్ నగరంలో పుట్టి పెరిగిన మా ఆయన గాస్పార్‌కి ఆ వాసనే గిట్టలేదు. పెళ్ళయ్యాక మొదటి ఆదివారం భోజనాల దగ్గర అమ్మ ఇంత ముక్క కోసి ఆయన పళ్ళెంలో వేసింది.

"నాకు చీజ్ ఎలర్జీ అత్తయ్యా. తింటే ఒళ్ళంతా దద్దుర్లే" అన్నాడు.

పెళ్ళికి ముందు మేమిద్దరం తిన్న పిజ్జాలు గుర్తొచ్చి నేను తల వంచుకుని సూప్ తాగాను. అమ్మ మాత్రం నిజమే అనుకుని, పాపం, ఏడాదిపాటు ఆయనకి వేరే వండింది. చివరికి ఓ రోజు కోర్తే పట్నం బజారులో, చీజ్ కారుతున్న రొట్టె తింటూ ఆమెకే దొరికిపోయాడు.

"అది ఆవుపాలది అత్తయ్యా. నాకు పడనిది మేకపాలే."

"అలాగా నాయనా. అయితే రక్తం తీయిద్దాం, తేలిపోతుంది. పద."

ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. సూది చూడగానే గాస్పార్ మొహం పాలిపోయింది. అంతలో డాక్టరమ్మ చూపు అమ్మ మణికట్టు మీద పడింది. అమ్మ అదేపనిగా గోక్కుంటోంది.

"ఆ దురద ఎప్పట్నుంచమ్మా?"

"ఎండుగడ్డి వల్లలే. ఏళ్ళనుంచీ ఉన్నదే."

"ముందు అత్తయ్య రక్తం తీయండి" అన్నాడు గాస్పార్ చటుక్కున. ఇద్దరిదీ తీశారు.

తర్వాతి వారం ఫలితాలు వచ్చాయి. గాస్పార్‌కి ఏ పాలతోనూ ఇబ్బంది లేదు. అమ్మ ఆయనవైపు తిరిగి నోరు తెరిచేలోపే డాక్టరమ్మ అంది: "సవేరియాగారూ, మేకపాలు పడనిది మీకు. చీజ్ తింటే గొంతు గీరుతుందా?"

"గీరదూ మరి? గీరకపోతే అదేం చీజ్?"

"ఇంకెవరికీ గీరదమ్మా."

కారులో అమ్మ అల్లుణ్ణి తిట్టనైనా తిట్టలేదు. నాకు అదే భయమేసింది. ఇంటికొచ్చాక రాతి గది తలుపు దగ్గర కూలబడి, "చేతులకి తొడుగులేసుకుని చేస్తాన్లే. రుచెవరు చూస్తారే, లేసియా?" అంది.

"నేను చూస్తానుగా."

"నీకు ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు. ఇదుగో అల్లుడూ, నీకు ఏ జబ్బూ లేదని డాక్టరే చెప్పిందిగా. రా."

గాస్పార్ ముక్కు మూసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ముక్కు వదులు" అంది అమ్మ.

వదిలాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా నెమ్మదిగా నమిలి మింగి, "ఉప్పెక్కువైంది అత్తయ్యా" అన్నాడు.

అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ అమ్మతో ఆ మాట అనలేదు. "బజారు రొట్టెలు మేసే నోటికి ఏం తెలుస్తుంది?" అంటూ ఆమె పక్కింటి పావులిని పిలిచి సాక్ష్యం అడిగింది. పావులి కాళ్ళకేసి చూసుకుంటూ, "ఎప్పట్నుంచో చెబుదామనే అనుకుంటున్నా, వదినా" అంది.

అమ్మ రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు ఉప్పు తగ్గించింది.

మొన్న భోజనానికి పిలుద్దామని వెళ్తే, అత్తా అల్లుడూ ఒకే చీజ్ ముందు కూర్చుని, ఇంకో వారం మగ్గనివ్వాలా వద్దా అని పోట్లాడుకుంటున్నారు. నేను పిలిచింది ఇద్దరికీ వినిపించలేదు.