అయిదో నెల కత్తెర

పురిటి మంచం మీదున్న తల్లిని ముద్దాయిని చేసి నిలబెట్టిన పెద్దమనుషులారా, రాజమ్మ బతుకును తిన్నది మీరే. గ్రహణం కాదు, కత్తెర కాదు, మీరు.

ఆమె కొడుకు కోదండం ఆమె చివరి రోజు పొద్దున కూడా చైతన్యపురి కోచింగ్ సెంటర్లో రంగు మట్టి పిసుకుతున్నాడు. పోచంపల్లిలో మగ్గం వదిలి ఇక్కడ అటెండర్‌గా చేరి పదకొండేళ్లు. బోర్డు తుడవాలి, టీ తేవాలి, జీవశాస్త్రం క్లాసుకు మట్టి బొమ్మలు చెయ్యాలి. యాభై నాలుగేళ్ల మనిషి. పై పెదవి మీద, ఎడమపక్క ముక్కు దాకా తెల్లటి కుట్టు గీత. అక్కడ మీసం మొలవదు. గ్రహణం మొర్రితో పుడితే చిన్నప్పుడు పట్నం దవాఖానలో కుట్టారు. మాట ఇప్పటికీ జర ముక్కులోంచే వస్తుంది.

సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. సగం దించిన షట్టర్ వెనక ఆరుగురే పిల్లలు.

"ఏం కోదండం, తెలంగాణ వచ్చాక కూడా నాకు టీ ఇస్తావా?" అన్నాడు త్రినాథరావు సారు. ఆయనది గుంటూరు వైపు.

"ఇస్త సార్. చక్కెర మీరు తెచ్చుకోవాలె."

సారు పకపకా నవ్వి, మట్టి ముక్కలు అందుకుని పాఠం మొదలుపెట్టాడు. నుదురూ ముక్కూ కలిసి ఒకటి, చెంపలు రెండు, కింది దవడకు రెండు. కడుపులో పిండానికి ముఖం ఒక్కసారిగా రాదు, ఇలా ముక్కలుగా పెరిగి నడుమ అతుక్కుంటుంది. ఏ ముక్క ఎప్పుడు ఎంత పెరగాలో అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులు చెబుతాయి. ఎక్కడో చిన్న తేడా వచ్చిందా, అతుకు పడదు. పెదవి చీలే ఉండిపోతుంది.

"గ్రహణం పూట కడుపుతో ఉన్నామె ఏదైనా కోస్తే కాదా సార్ ఇలా అయ్యేది? మా అమ్మమ్మ అదే అంటుంది," అంది అలేఖ్య అనే పిల్ల.

"గ్రహణానికీ దీనికీ సంబంధమే లేదమ్మా. రెండో నెల దాటేసరికి పెదవి పని అయిపోతుంది. ఆ తర్వాత ఎవరేం కోస్తే మాత్రం ఏముంది?"

కోదండం చేతిలో డస్టర్ ఆగిపోయింది. పదకొండేళ్లుగా ఆ ముక్కలు చేసినవాడు, సారు చెప్పే లెక్కను తల్లి తనను మోసిన నెలలతో ఎన్నడూ కలిపి చూడలేదు.

మట్టి ముఖాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, సెలవడిగి, ఎల్బీ నగర్ దాకా నడిచాడు. కొత్తపేటలో రోడ్డు మీదే సమ్మెవాళ్ల వంటావార్పు. "తిని పో అన్నా," అని చెయ్యి పట్టుకుంటే, "అమ్మతోని పనుంది," అని విడిపించుకున్నాడు.

కిరాయి గదిలో రాజమ్మ మంచం పట్టి నెల. గంజి తప్ప దిగడం లేదు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. గ్రహణం నాడు మగ్గం మీంచి చీర కోసిందనీ, అందుకే కొడుకు మూతి చీలిందనీ అత్తా ఊరూ కలిసి అన్నప్పటి నుంచి ఆమె కత్తెర ముట్టలేదు. దారం పళ్లతో కొరికేది. పళ్లు ఊడాక కోడలు మాలతిని పిలిచేది.

"అమ్మా, గా గ్రహణం నాడు నీకెన్నో నెల?"

"గదెందుకు బిడ్డా ఇప్పుడు?"

"చెప్పరాదే."

"అయిదు. లోపల తన్నుతుంటివి."

డబ్బా తెరిచి, ఆమె వేలు పట్టి మట్టి పెదవి మీద పెట్టాడు. "గిది రెండో నెలల్నే అతుకుతదంట. నాది అప్పుడే అతకలే. నువ్వు కత్తెర పట్టేటాలకు నా మూతి గిట్లనే ఉండె. నీ తప్పేం లేదే."

రాజమ్మ చాలాసేపు ఆ పెదవినే తడిమింది.

"మరి మీ నాయినమ్మ ఉత్తగనే తిట్టిందా?"

"ఉత్తగనే."

"ముసల్ది!" అని బోసినోటితో నవ్వింది. "మాలతీ, కత్తెర తే."

కొడుకు అంగీ గుండీ దగ్గర జానెడు దారం వేలాడుతోంది. కత్తెరకు రెండుసార్లు దొరకలేదు. మూడోసారి తెగింది. అలిసిపోయి కళ్లు మూసుకుంది. పొయ్యి మీద గంజి పొంగేలోపే ఊపిరి ఆగింది.

ఇక వినండి. మొర్రితో బిడ్డ పుడితే ఏం కోశావని తల్లిని అడగడం ఇవాళ్టితో మానండి. బిడ్డను దవాఖానకు తీసుకుపోండి. గర్భిణుల చేతుల్లోంచి గుంజుకున్న కత్తెరలు తిరిగిచ్చెయ్యండి. ఒకటి రాజమ్మ మంచం మీదే ఉంది, తెగిన తెల్లదారం ఇంకా దాని నోట్లోనే ఉంది.