మూడు జెండాల కింద మన్ను

గని మూతపడింది. గోతిని పూడ్చి, పైన మన్ను పరిచి ఎవరి పొలం వాళ్లకు అప్పగించాలి. అంతకుముందు ప్రభుత్వ తనిఖీ అధికారి వచ్చి, మూడడుగుల లోతు వరకు మన్ను ఉందని సంతకం పెట్టాలి. అది పడితే యాజమాన్యం చేతులు దులుపుకుంటుంది. బుల్డోజర్ డ్రైవరు అక్క పొలం కూడా ఆమెకొస్తుంది, రాళ్లతో సహా.

డ్రైవరుకి నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు. అక్క పొలమంతా అతను పరిచింది జానెడు మన్నే. మేనేజరు పాతించిన మూడు ఎర్రజెండాల దగ్గర మాత్రం గుంటలు తీసి నిండా నల్లమన్ను నింపాడు. అధికారి తవ్వించి చూసేది అక్కడే మరి. ఇంత పెద్ద మోసానికి మూడు గుడ్డముక్కలు చాలు! చెప్పిన పనల్లా చేసిన తన చేతుల్ని చూస్తేనే అతనికి ఒళ్లు మండిపోయింది.

తనిఖీ రోజు పొద్దున్నే వెళ్లి, జెండాలు పీకి ఇరవై అడుగుల అవతల పాతాడు.

అధికారి బూట్లకి దుమ్ము అంటకుండా ఆచితూచి నడుస్తూ వచ్చాడు. పొలాల రైతులంతా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. కూలీ గునపం వేస్తే ఖంగుమంది. రెండో జెండా దగ్గరా అంతే. మేనేజరు ముఖం మాడిపోయింది. డ్రైవరు లోలోపల గంతులేశాడు.

అధికారి మేనేజరు మీద విసుక్కున్నాడు. "ఏంటయ్యా ఇది? నిన్న మనం అనుకున్న చోట్లు ఇవి కావుగా! ఆ జెండాలు సరిగ్గా పాతించు. నాకు భోజనం టైమవుతోంది."

అంటే ఈ పెద్దమనిషికీ వాటా ఉందన్నమాట! డ్రైవరుకి కళ్లు ఎర్రబడ్డాయి. బుల్డోజరెక్కి, బ్లేడు దించి, పొలాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి గీకేశాడు. జానెడు మన్నూ లేచిపోయి తెల్లటి రాయి బయటపడింది.

"ఇప్పుడు పెట్టండి సార్ సంతకం! అందరూ చూస్తున్నారు, పెట్టండి!" అని అరుస్తూ కిందికి దూకాడు.

"నీ ఉద్యోగం ఊడింది!" అన్నాడు మేనేజరు.

"ఊడితే ఊడింది పో!"

అక్క పరుగున వచ్చింది. మెచ్చుకుంటుందనుకున్నాడు. ఆమె రాతిని అరచేత్తో తడిమింది. "గని మొదలెట్టినప్పుడు గీకి తీసిన నా మన్ను ఏదిరా? జాగ్రత్తగా దాచి, మళ్లీ పరుస్తామన్నారుగా?"

ఎదురుగా ఉన్న రాళ్లగుట్టను చూపించాడు. "దాని కింద ఉందక్కా."

"దాని మీద రాళ్లు పోసిందెవడు?"

"నేనే," అన్నాడు.

అక్క కొట్టలేదు, ఏడవలేదు. "ఇంకా ఇంజను ఆపలేదుగా. ఎక్కు. ఎక్కి తియ్యి," అంది.