దొరకని గుర్రాలు

నేను ఒక తాపీని. ఏలూరులో ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. పురావస్తు శాఖలో పనిచేసే సోమయాజులుగారు నన్ను కొని, అంచులు అరగదీసి, మట్టిని పొరలు పొరలుగా గీకడం అలవాటు చేశారు. ఒకసారి ఒక దిబ్బలో పాత గోడలు బయటపడ్డాయి. అది రాజుగారి కోటేనని ఊరంతా సంబరపడింది. అడుగున కాలిన వడ్లు తేలేసరికి ఆయన "ఇది ధాన్యపు కొట్టు" అని చెప్పేశారు. ఆ పూట ఆయనకు మంచినీళ్ళిచ్చినవాడు లేడు. మట్టి కింద కూడా తమకు కావలసిందే ఉండాలనుకుంటారు మనుషులు!

ఆయన ఉద్యోగ విరమణ చేస్తూ నన్ను తన శిష్యురాలు సలోమి చేతిలో పెట్టారు. సలోమికి ఒక్కడే తమ్ముడు, ఆమోసు. రాజమండ్రిలో బ్యాటరీల దుకాణం. తాగి రోడ్డు పక్కన పడిపోతే రిక్షాలో ఇంటికి చేర్చిన అక్క ఆవిడే. అలాంటివాడు మద్యం ముట్టకూడదనే మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో చేరి సీసా ముట్టడం మానేశాడు. ఆ సంఘం పేరు వింటేనే సలోమి మనసులో దణ్ణం పెట్టుకునేది.

ఒకరోజు ఆమోసు ఫోనులో మధ్య అమెరికాలోని పాత రాతి కట్టడాల బొమ్మలు చూపిస్తూ వచ్చాడు. యెరూషలేము నుంచి కొందరు సముద్రం దాటి అమెరికా చేరి, పట్టణాలు కట్టారని వాళ్ళ గ్రంథం చెబుతుంది.

"ఇవే అక్కా ఆ పట్టణాలు. ఆదివారం మా సంఘానికొచ్చి, తవ్వకాల్లో రుజువైందని నువ్వు చెప్పాలి. ఇంకెవడూ నోరెత్తడు."

"అవి మాయా అనే అక్కడి పాత జాతివాళ్ళు కట్టినవిరా. వాళ్ళ రాతలు చదివారు. మీ గ్రంథంలో పేర్లు వాటిలో లేవు."

"మరి వాళ్ళు నడిచొచ్చిన దారిలో, అరేబియాలో రాతి మీద మా గ్రంథంలో ఉన్న ఊరి పేరు దొరికిందంటగా?"

"అక్షరాలు కలిశాయి. కాదనను. కానీ సముద్రం అవతలి కథకి అది చాలదు. మీ గ్రంథం చెప్పినన్ని గుర్రాలు, ఉక్కు కత్తులు ఉంటే ఆ కాలపు పొరల్లో ఎక్కడో ఒకచోట తగలాలి కదా. తగల్లేదు."

"ఇంకా తవ్వాల్సింది బోలెడుందిగా!"

"ఉంది. ఇప్పటికి దొరకలేదనే చెప్పగలను."

ఆమోసు ఫోను జేబులో పెట్టేశాడు. "అది నిజం కాకపోతే నేనేం పట్టుకుని బతకాలక్కా?"

బల్ల మీదున్న నా పిడిని సలోమి గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లబడిపోవడం నాకు తెలిసింది. ఒక్క అబద్ధంతో తమ్ముడు నిలబడతాడేమో. నిజం చెబితే మళ్ళీ పడిపోతాడేమో.

"దొరికిందని మాత్రం చెప్పలేనురా," అంది.

ఆమోసు అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

తరువాత కొన్ని వారాలు వాడి ఫోను రాలేదు. సలోమి తనే చేద్దామని ఫోను తీసి, ఏం వినాల్సివస్తుందోనని పెట్టేసేది. తవ్వకంలో ఆవిడ ధ్యాస తప్పి, నావల్ల ఒక కుండ అంచు పెచ్చు లేచింది. అంతకుముందెప్పుడూ అలా జరగలేదు.

ఒక మధ్యాహ్నం ఆమోసు తవ్వకం దగ్గరికే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. సలోమి ముందు వాడి కళ్ళలోకి చూసింది. కళ్ళు తేటగా ఉన్నాయి.

"ఆ రోజు సారా కొట్టు ముందు బండి ఆపానక్కా. లోపలికెళ్ళబుద్ధి కాలేదు. గుర్రాలు దొరికితేనే మానతానని నేనెప్పుడూ అనుకోలేదని అక్కడ తెలిసింది. ఆ పుస్తకంలోవన్నీ జరిగాయనే ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే రుజువైందని మాత్రం చెప్పడం మానేశాను. మా సంఘంవాళ్ళకీ అదే చెప్పాను, తవ్వకాల్లో దొరకలేదు, అయినా నమ్ముతున్నానని."

"ఏమన్నారు?"

"ఒకాయన లేచెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు పాట అందుకున్నారు."

సలోమి కొంగుతో కళ్ళొత్తుకుంది. "భోంచేశావా?" అని మాత్రం అడిగింది. ఒకే క్యారేజీలో ఇద్దరూ తిన్నారు.

ఇప్పుడు నా అంచులు తవ్వకాలకు పనికిరానంతగా అరిగిపోయాయి. సలోమి నన్ను తమ్ముడికి ఇచ్చేసింది. ఈ ఉదయం తన సంఘం ప్రార్థన మందిరం మెట్లకు ఆమోసు నాతో సిమెంటు పూస్తున్నాడు. ఆవిడ నీడన నిలబడి వంకలు పెడుతోంది.

"ఎడమవైపు వాలిపోయింది చూడు."

"తవ్వేవాళ్ళకి కట్టడం గురించేం తెలుస్తుందక్కా?"

ఇద్దరూ పకపకా నవ్వారు. నాతో తవ్వినవాళ్ళెవరూ లేనిదాన్ని ఉందని చెప్పలేదు. అంత మంచి చేతుల్లో అరిగిపోయాను. అంతకన్నా ఏం కావాలి? తడి సిమెంటు చల్లగా ఉంది. ఇంకో రెండు మెట్లు మిగిలాయి.