ఇరవై ఏడో సీనులో కాగితం

నా ఉద్యోగం ఇతరుల తప్పులు పట్టుకోవడం. సోమవారం తీసిన సీనులో కొవ్వొత్తి ఎంత పొడుగుందో, దాని తర్వాతి సీను శుక్రవారం తీసినా అంతే ఉండేలా చూడాలి. గుండీ పెట్టి ఉందా, జుట్టు ఏ చెవి వెనక ఉంది, అన్నీ రాసుకుని సాయంత్రం సంతకం పెట్టి ఆఫీసుకు పంపుతాను. ముప్పై ఏళ్లలో ఆ నివేదిక చదివినవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు. తప్పు జరిగినప్పుడు మాత్రం మెయినిర్ ప్రోసర్ అనే నా పేరు అందరికీ గుర్తొస్తుంది.

ఆ ఏడాది మా సీరియల్ హీరో, కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే పెద్దమనిషి, 1819లో వేల్స్ కొండల్లో ఒక పాత ఇంట్లో దిగాడు. అక్కడ హెస్టర్ లోవెల్ అనే ఆవిడ భయంకరమైన నవల ఒకటి రాస్తుంటుంది. నీళ్లలో మునిగి చచ్చినవాడొకడు దయ్యమై వచ్చి ఆ నవలను ఆపాలని చూస్తాడు. ఈ కథ రాసింది సియోనెడ్. బడిలో పాఠాలు చెప్పుకుంటూ రెండేళ్లు కూర్చుని రాసిన మొదటి స్క్రిప్టు. అందులో నవల మొదటి వాక్యం హెస్టర్ ముందే రాసి ఉంటుంది. దయ్యం తడి చేత్తో దాన్ని చెరపబోతుంది, ఆమె కాగితం వదలదు. హీరో చేసేదల్లా తలుపు పట్టుకుని నిలబడడం.

మా ప్రధాన రచయిత డంకన్ ఫెయిర్లీకి అది మింగుడు పడలేదు. మా దగ్గర మొదటి స్క్రిప్టు తెల్ల కాగితాల మీద వస్తుంది, మార్పులు గులాబీ రంగు కాగితాల మీద వస్తాయి. షూటింగుకు రెండు రోజుల ముందు గులాబీవి వచ్చాయి. వాటిలో హెస్టర్ ఖాళీ కాగితం ముందు కూర్చుని ఏడుస్తుంది. హీరో దయ్యాన్ని తరిమి, ఆమె భుజం మీద చెయ్యేసి, మొదటి వాక్యం చెప్పి రాయిస్తాడు.

సియోనెడ్ టీ బండి దగ్గర అతన్ని పట్టుకుంది.

"అదేంటి డంకన్, ఆవిడ పుస్తకం ఆవిడ రాసుకోవద్దా?"

"చూడు తల్లీ, జనం టీవీ పెట్టేది మన హీరో కోసం. నీ పంతులమ్మ కోసం కాదు."

"హెస్టర్ పంతులమ్మ కాదు. పంతులమ్మని నేను."

"నేననేదీ అదే" అని డంకన్ తన బేకన్ రొట్టె కొరికాడు.

సియోనెడ్ వానలోకి నడిచి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది, అయినా నోరు మూసుకున్నాను. అప్పటిదాకా నా అలవాటు అదే.

మంగళవారం కిటికీలకు నల్లగుడ్డలు కొట్టి, పొద్దున పదకొండింటికే చీకటి చేసి, ఆ గులాబీ సీను తీశాం. హీరో చెప్పాడు, హెస్టర్ రాసింది: 'తలుపు తట్టింది నేనే, తీసిందీ నేనే.'

గురువారం ఇరవై ఏడో సీను. అందులో దయ్యం మొదటిసారి గదిలోకి వస్తుంది, హీరో ఇంకా రాడు. కథలో ఇది మంగళవారం తీసినదానికన్నా ముందు జరగాలి కాబట్టి కాగితం ఖాళీగా ఉండాలి. సామాన్లు చూసే గెథిన్ మోకాలి నొప్పితో కుంటుకుంటూ వచ్చి మంగళవారం రాసిన కాగితాన్నే బల్ల మీద పెట్టేశాడు. నేను చూసేసరికి కెమెరా నడుస్తోంది. ఉబ్బిన చెయ్యి ఒకటి బల్ల అంచు పట్టుకుని పైకి పాకింది. వేళ్ల నుంచి మురికినీళ్లు కారి అక్షరాల మీద పడ్డాయి, సిరా కరిగింది. రబ్బరు చెయ్యేనని తెలిసీ నా ఒళ్లు జలదరించింది. హెస్టర్ వేషం వేసిన నటి కాగితాన్ని లాక్కుని గుండెకు హత్తుకుంది. గులాబీ కాగితాల్లో అలా లేదు. తెల్లవి కూడా చదివినట్టుంది.

డైరెక్టర్ నా వైపు తిరిగాడు. "మెయినిర్, అంతా సరిగ్గానే ఉందా?"

నేను ఒక్క మాట అంటే మళ్లీ తీసేవాళ్లు.

"సరిగ్గానే ఉంది" అన్నాను.

సాయంత్రం నివేదికలో చూసింది చూసినట్టే రాసి సంతకం పెట్టాను. ఎప్పటిలాగే అది ఆఫీసులో ఫైలుకెక్కింది.

ఆ భాగం టీవీలో వచ్చిన మర్నాటికే జనం బొమ్మ ఆపి మరీ చూశారు. హీరో చెప్పకముందే వాక్యం అక్కడుంది. అంటే హెస్టర్ రాసుకున్నదే చూసి, తన మాటగా ఆమెకే చెప్పాడన్నమాట. మన హీరో దొంగేనా అని దేశమంతా పోట్లాడుకుంది. గెథిన్ కంగారుగా ఫోన్ చేశాడు.

"తప్పు నాదే కదా మెయినిర్? నా మీదికొస్తుందా?"

"రాదు. సంతకం నాది."

మూడో రోజు పేపర్లో డంకన్ ఇంటర్వ్యూ వచ్చింది. అది తను కావాలని దాచిన రహస్యమట. తెలివైనవాళ్లు పట్టుకుంటారని తనకు ముందే తెలుసట. సియోనెడ్ పేరు ఎక్కడా లేదు. పేపరు మడిచి, ముందు చేయాల్సిన పని చేసి, అప్పుడు అతని ఆఫీసుకు వెళ్లాను.

డంకన్ నాకు టీ పోసి ఇచ్చాడు. ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

"నీ పొరపాటు నన్ను మేధావిని చేసింది మెయినిర్. నువ్వు నోరు మెదపకు. వచ్చే ఏడాదీ నీ కుర్చీ నీదే."

"పొరపాటు కాదది."

"మరేంటి?"

"ఇరవై ఏడో సీను తీసిన గురువారం నివేదిక తియ్యి."

"అవి ఎవడు చదువుతాడు?" అని నవ్వుతూనే అలమరలోంచి ఫైలు తీశాడు. అందులో నా చేతిరాత ఇలా ఉంది: 'సీను 27. కాగితం మీద వాక్యం ఉంది. డంకన్ గులాబీ కాగితాల ప్రకారం ఉండకూడదు. సియోనెడ్ తెల్ల కాగితాల ప్రకారం ఉండాలి. తెలిసే ఉంచాను.' కింద తేదీ, నా సంతకం, అదే రోజు ఆఫీసు వేసుకున్న ముద్ర.

అతని నవ్వు ఆగింది. "దీని కాపీ ఎవరి దగ్గరుంది?"

"సియోనెడ్ దగ్గరుంది. నీ ఇంటర్వ్యూ వేసిన పేపరు దగ్గరా ఉంది. పొద్దునే పంపాను."

"నీకిక ఎక్కడా పని దొరకదు. తెలుసా?"

"తెలుసు" అన్నాను. టీ తాగలేదు.

డంకన్ ఆ కాగితాన్ని మళ్లీ మొదటినుంచీ చదివాడు. నా రాతను రెండుసార్లు చదివిన మొదటి మనిషి అతనే.