వెనక పిడి

మా బావ అడిగింది "చావాలి" అని. మామ్మగారికి వినబడింది "రావాలి" అని.

మా సంఘంలో బుధవారం ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏం కావాలో వాళ్ళు లేచి చెబుతారు. ముందు బల్ల మీద కూర్చునే మామ్మగారు దాన్ని గది అంతటికీ వినబడేలా మళ్ళీ చెబుతుంది. అప్పుడు అందరం కళ్ళు మూసుకుని దానికోసం ప్రార్థిస్తాం. మామ్మగారి గొంతు గంటలాంటిది. చెవి దగ్గర మాత్రం గంట కొట్టినా లాభం లేదు. పోనీ బావ మాటైనా తిన్నగా ఉంటుందా అంటే, ఆయన దవడ ఒకసారి విరిగి వంకరగా అతుక్కుంది. 'చ' అనబోతే పక్కనుంచి గాలి పోతుంది. గాలి పోయిన ఆ ఖాళీలో మామ్మగారు తనకు నచ్చిన అక్షరం పెట్టుకుంది.

"మేస్త్రీ తమ్ముడు రావాలట" అని చాటింది. "ఒక్క కడుపున పుట్టినవాళ్ళు, పాపం. గట్టిగా ప్రార్థించండి."

గది నిండా జనం కళ్ళు మూసుకున్నారు. బావ ఒక్కడే కళ్ళు తెరుచుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడు. పక్కనే ఉన్న నేను అసలు మాట విన్నాను. విని ఏం చెయ్యను? అంతమంది భక్తిలో ఉండగా లేచి, చిన్న సవరణ, రావడం కాదు చావడం అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

దీనికంతటికీ మూలం పాస్టరు గారు. ఆ ముందు వారం బావ ఆయన దగ్గరికి వెళితే నేనూ తోడు వెళ్ళాను.

"ప్రార్థన మానేశానండీ" అన్నాడు బావ. "నోరు తెరిస్తే అబద్ధమే వస్తోంది. అందర్నీ దీవించు ప్రభువా అంటాను. నాకు కావలసింది అది కాదు."

"మరి నీకేం కావాలో అదే అడుగు."

"దేవుడి ముందు అనే మాట కాదండీ అది."

"దేవుడికి నువ్వు మర్యాద నేర్పకు. ఆయన సిలువ మీద మేకులు దిగ్గొట్టించుకున్నవాడు, నీ మాటకు ఉలిక్కిపడడు. లోపల ఏముంటే అది తెచ్చి ఆయన ముందు పెట్టు. పైన తేలే చిట్టెం తీస్తేనే కదయ్యా, అడుగున ఏ లోహం ఉందో మీకైనా తెలిసేది."

చిట్టెం మాట ఎందుకు తెచ్చారంటే, మాది పోత పని. ఇత్తడి కరిగించి నీళ్ళ పంపుల రెక్కలు పోస్తాం. ఇసుకలో అచ్చులు చేసేది నేను. అచ్చులు వచ్చాయి కానీ హల్లులు నాకు బళ్ళోనే పట్టుబడలేదు. కొలిమి బావది. బావ అంటే మా అక్క మొగుడు. కరిగిన ఇత్తడి ఉన్న కుండను మూస అంటారు. దాన్ని ఇనప కావడిలో పెట్టి ఇద్దరు మోయాలి. కావడికి నడుమ ఉంగరం, ఉంగరంలో మూస, ముందొకడు, వెనకొకడు. ముందువాడు వెనక్కి చూడకూడదు. చూస్తే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే మూస తిరుగుతుంది. వెనకవాడి చేతిలో అడ్డపిడి ఉంటుంది. అడుగులు చెప్పేది వాడు, అచ్చు దగ్గర మూస వంచేది వాడు. అందుకే మా కార్ఖానాలో మేస్త్రీ అంటే వెనక పిడి పట్టేవాడే.

బావ వాళ్ళ నాన్న ఉన్నంతకాలం ఆ పిడి ఆయనది. పోత పోసేవాడు కాస్తా పోతే, ఇక మిగిలింది పోట్లాటే. దానికోసం అన్నదమ్ములిద్దరూ కొట్టుకున్నారు. చిన్నబావ పట్టకారు ఎత్తి అన్న దవడ విరగ్గొట్టాడు. అన్న చిట్టెం తీసే చువ్వను కొలిమిలోంచి లాగి తమ్ముడి మెడ వెనక అదిమాడు. వాటా అడిగినవాడికి వాత దక్కింది. చిన్నబావ ఊరి అవతల వేరే కార్ఖానాలో చేరిపోయాడు. అప్పటినుంచి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ దవడతో అన్నం నమిలిన ప్రతి పూటా బావ తమ్ముణ్ణి కూడా నమిలేవాడు.

ఇప్పుడు ఆ తమ్ముడి కోసం ఊరంతా ప్రార్థన. బావ బయట కాలు పెడితే చాలు, అదే ప్రశ్న.

"తమ్ముడు వచ్చాడా మేస్త్రీ?" అంటాడు పాలాయన.

"లేదు."

"వస్తాడు. మేం వదలం."

"వదలండి బాబూ" అంటాడు బావ పళ్ళు నూరుతూ. ఆ నూరడం కూడా వంకరే కాబట్టి నవ్వులా కనబడేది.

ఇంట్లో మా అక్క కళ్ళు తుడుచుకుంది. "ఏమండీ, మీరు ఇంత మంచివారని నాకు తెలియదండీ."

"నాకూ తెలియదు" అన్నాడు బావ.

శుక్రవారం మధ్యాహ్నం, కొలిమిలో ఇత్తడి కరిగి తెల్లటి పొగ లేస్తుండగా, గుమ్మంలో చిన్నబావ నిలబడ్డాడు. చేతిలో గడ్డపార.

"నన్ను రమ్మని ప్రార్థన పెట్టించావట" అన్నాడు. "వచ్చాను. నేను సొంతంగా కొలిమి పెట్టుకుంటున్నా. నాన్న కావడి ఇచ్చెయ్యి, పోతాను."

"కావడి ఈ గుమ్మం దాటదు."

"నువ్వు దాటిస్తావా, నేను దాటించుకోనా?"

రోజూ ముందు పిడి మోసే పొడుగాయన వాళ్ళ మధ్యకు వెళ్ళాడు. "చిన్నయ్యా, మూస దించే వేళ. కాసేపు ఆగు, తర్వాత..." అంటున్నాడు. గడ్డపార బావ మీదికే లేచింది. దిగింది మాత్రం పొడుగాయన మణికట్టు మీద. ఎండు పుల్ల విరిగిన చప్పుడైంది. పొడుగాయన కింద కూలబడి, వేలాడుతున్న తన చేతిని పరాయివాళ్ళ చేతిలా చూసుకున్నాడు.

బావ తలతో తమ్ముడి మొహం మీద కుమ్మాడు. ముక్కు పగిలి రక్తం ఇద్దరి చొక్కాల మీదా పడింది. కలియబడి, దొర్లుకుంటూ వచ్చి నా అచ్చుపెట్టెల మీద పడ్డారు. పొద్దుట్నుంచి చేసిన అచ్చుల్లో ఒకదాంట్లో చిన్నబావ మొహం అచ్చు గుద్దినట్టు పడింది. అతను గుప్పెడు ఇసుక తీసి అన్న కళ్ళలో కొట్టి, మోకాలు పొట్టలో దించాడు. బావ గుడ్డిగా చేతులు చాచి, దొరికిన తలను దగ్గరికి లాక్కుని చెవి కొరికాడు. విడదీయబోయిన నాకు మూతి మీద ఒక మోచెయ్యి తగిలింది. ఎవరిదో తెలియదు, ఎవరిదైనా బంధువుదే.

అక్క ఇంట్లోంచి బకెట్టు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది.

"నీళ్ళొద్దక్కా" అని అరిచాను. కరిగిన ఇత్తడి దగ్గర నీళ్ళు పడితే అది పేలి కప్పుకు తగులుతుంది. అక్క బకెట్టు వాకిట్లోకి విసిరేసి, ఒట్టి చేతులతో వచ్చి మొగుడి జుట్టు ఒక చేత్తో, మరిది జుట్టు ఒక చేత్తో పట్టుకుంది. అప్పటికీ వాళ్ళు కాళ్ళతో తన్నుకుంటూనే ఉన్నారు. చిన్నబావ గడ్డపార కోసం నేల తడుముతున్నాడు. బావ కళ్ళు చిట్టెం చువ్వ మీద ఉన్నాయి. ఇక ఎవరో ఒకరి శవం లేస్తుందని నాకు తెలిసిపోయింది.

"బావా, మూస" అన్నాను.

ఇద్దరూ ఆగారు. నా గొంతులో మహిమ ఏమీ లేదు. పొగ చిక్కబడింది, వాసన మారింది. ఇంకాస్త ఆగితే ఇత్తడి మాడిపోతుంది. కొలిమికి గాలి ఆపేస్తే గడ్డకట్టి మూస పగులుతుంది. కొలిమి పక్కన పెరిగినవాళ్ళకు కొంపంటుకున్నా అంత తొందర ఉండదు. మూస మోయడానికి ఇద్దరు కావాలి. పొడుగాయన చెయ్యి రెండు ముక్కలు. నన్ను దేవుడు కురచ అచ్చులో పోశాడు. నేను పడితే కావడి నా వైపు వాలిపోతుంది.

చిన్నబావ ముక్కు తుడుచుకుని వెనక పిడి దగ్గరికి నడిచాడు. బావ అప్పటికే అక్కడున్నాడు. ఇద్దరి చేతులూ ఆ పిడి మీదే. అక్క మళ్ళీ జుట్లకు సిద్ధమైంది.

"పోసేదాకానే" అన్నాడు చిన్నబావ. చెయ్యి తీసేసి, ముందుకు వెళ్ళి, అన్నకు వీపు పెట్టి నిలబడ్డాడు.

బావ కొలిమి మీది గొలుసు లాగి మూసను పైకి తీశాడు. ఉంగరంలో కూర్చోబెట్టి చిట్టెం తీశాడు. ఇద్దరూ ఎత్తారు. నేను అచ్చుల దగ్గర, వాళ్ళకు ఎదురుగా ఉన్నాను. చిన్నబావ రక్తపు మొహం, దాని వెనక బావ వంకర మొహం, రెంటి నడుమా మండుతున్న కుండ. తమ్ముడి చొక్కా మెడ దగ్గర చిరిగి వేలాడుతోంది. బావకు ఆ వాత మచ్చ ఎదురుగా ఉంది.

"ఎడమ" అన్నాడు బావ. "కుడి. ఎడమ."

తర్వాత మాట లేదు.

చిన్నబావ కుడికాలు గాలిలో ఉండిపోయింది. పిడి మీద బావ మణికట్టు తిరగడం చూశాను. మూస మూతి ముందుకు వంగింది. అంచు దాటి ఒక చుక్క నేల మీద పడి చిటపటమని చిమ్మింది. చిన్నబావ మడమ దగ్గర ప్యాంటు కాలి పొగ వచ్చింది. మణికట్టు ఇంకొంచెం తిరిగితే చాలు, ఆ మనిషి నడుము కింద ఏమీ మిగలదు. ప్రమాదమని అందరం సాక్ష్యం చెబుతాం. నేనే ముందు చెబుతాను. బావకు అది తెలుసు. ఆ మొహం నేను చూశాను. భోజనానికి కూర్చున్నవాడి మొహం అది.

చిన్నబావ వెనక్కి తిరగలేదు. మెడ కూడా కదపలేదు.

"అడుగు చెప్పన్నా" అన్నాడు.

బావ పిడి బిగించి పట్టి మణికట్టు వెనక్కి తిప్పాడు. చెమట గడ్డం మీదుగా కారుతోంది. కావడి గలగలలాడింది. మూస మూతి మెల్లగా పైకి లేచింది.

"కుడి" అన్నాడు.

అచ్చులన్నీ నింపారు. ఖాళీ మూస దించి కావడి కింద పెట్టగానే చిన్నబావ వెనక్కి తిరిగి అన్న మొహం మీద గుద్దాడు.

"వంచావు."

"వంచాను."

ఇంకో గుద్దు. "చంపేద్దామనుకున్నావు."

"అనుకున్నాను."

మూడో గుద్దుకు బావ గోడకు కొట్టుకుని జారిపోయాడు. చెయ్యి ఎత్తలేదు. రక్తంతోపాటు ఒక పన్ను ఉమ్మి అడిగాడు, "ఎందుకు తిరగలేదురా? కాలు కాలుతోంది కదా."

"తిరిగితే మూస తిరుగుతుంది. నీ కాళ్ళ మీద పడుతుంది" అన్నాడు చిన్నబావ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు, ఇంకో గుద్దుకు పిడికిలి లేపుతూనే.

బావ గోడ పట్టుకుని లేచాడు. లేచి తమ్ముణ్ణి చెంప మీద కొట్టాడు, అరచేత్తో, చిన్నప్పుడు అన్నలు కొట్టినట్టు. ముక్కు పగిలినా చెవి తెగినా ఏడవని చిన్నబావ ఆ దెబ్బకు నోరు తెరిచి ఏడ్చాడు. అక్క ఇద్దర్నీ తిట్టుకుంటూ పొడుగాయన చేతికి గుడ్డ కట్టింది.

పాస్టరు కంటే ప్లాస్టరుతో ఎక్కువ పనిబడ్డ ఆదివారం అది. చెవికి కట్టు, ముక్కుకు పట్టీ, చేతికి పిండికట్టు. బావ కింది పెదవి ఇంకా వాచి ఉంది. చిన్నబావను చూడగానే మామ్మగారు చేతులు పైకెత్తింది.

"చూశారా, రావాలని అడిగాం, వచ్చాడు" అంది. జనం చప్పట్లు కొట్టారు. పాలాయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

బావ లేచాడు. అక్క చొక్కా పట్టి లాగింది. చొక్కా వదిలించుకుని ముందుకు వెళ్ళాడు.

"మామ్మగారూ, నేను రావాలని అడగలేదండీ."

"గట్టిగా చెప్పు నాయనా."

బావ వంగి ఆమె చెవిలో అరిచాడు. "చావాలని అడిగాను."

చప్పట్లు ఆగిపోయాయి. వెనక బల్లల దాకా వినబడింది.

"వీడు చావాలని అడిగాను" అన్నాడు బావ జనం వైపు తిరిగి. "నా నోటి వంకర వల్ల ఈవిడకు రావాలని వినబడింది. నేను దిద్దలేదు. సిగ్గుపడి కాదు. మీరు దేనికి ప్రార్థించుకున్నా, దేవుడికి నా మాట చేరిందిలే అనుకున్నాను. శుక్రవారం అది తెచ్చి నా చేతిలో పెట్టాడు. చెయ్యి తిప్పితే అయిపోతుంది. అప్పుడు చూశాను. వీడు వెనక్కి చూడకుండా అడుగు చెప్పన్నా అన్నాడు. నాన్న పోయిన దగ్గర్నుంచి నాకు కావలసింది అదొక్కటే. నన్ను నమ్మి నా ముందు నడిచే వీపు. పిడి కోసం కొట్టుకుని మనిషిని పోగొట్టుకున్నాను. చావాలన్నదీ నిజమేనండీ, అబద్ధం కాదు. కానీ అది పైన తేలిన చిట్టెం. దాని కింద ఇదుంది. నాకే తెలియదు."

అందరూ చిన్నబావను చూస్తున్నారు. అన్న తనను రమ్మన్నాడనుకునే వచ్చినవాడు అతను. పట్టీ కింద ముక్కు ఎగబీల్చి లేచాడు.

"నేనూ మా సంఘంలో అదే అడిగాను, వాడు చావాలని" అన్నాడు. "అక్కడ అందరికీ చెవులు బాగానే పనిచేస్తాయి. పాస్టరు నన్ను గేటు దాకా సాగనంపాడు."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. చిన్నబావ పొడుగాయన వైపు తిరిగాడు. "నీ చెయ్యి అతికేదాకా ముందు పిడి నేను పడతాను. తర్వాత సంగతి మా అన్న చెబుతాడు."

"ఏమంటున్నారు, ఏమంటున్నారు?" అంది మామ్మగారు.

నేను వెళ్ళి ఆమె మంచి చెవి దగ్గర కూర్చుని మొదట్నుంచి చెప్పాను, బావ ఏమన్నాడో, ఆమె ఏం విన్నదో, మేమందరం దేనికి కళ్ళు మూసుకున్నామో. గది అంతటికీ ఇంకోసారి వినబడేంత గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మామ్మగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది.

"అయితే అంతమంది చేత నేను తప్పు ప్రార్థన చేయించానా" అంది మెల్లగా. ఆవిడ గొంతు మెల్లగా రావడం మేం వినడం అదే మొదలు.