సత్రం పక్కన మనిషి

నేను ఒక బటన్‌ను. చొక్కాకు కుట్టే గుండీని అనుకునేరు, అంత సుఖమైన బతుకు కాదు నాది. హైదరాబాదు అంచున కాటేదాన్‌లో పాత ప్లాస్టిక్‌ను నమిలి ముక్కలు చేసే మిషన్ ఒకటుంది. దాని పక్కన బిగించిన పెట్టె మీద ఆరు బటన్ల వరుసలో నాలుగోదాన్ని. నా ముఖం మీద ఒకే ఒక్క చీనా అక్షరం ఉంది. ఇదిగో, ఇలా ఉంటుంది: 停. అర్థం 'ఆగు' అని. నా పనీ అదే. నన్ను ఒత్తితే మిషన్ ఆగుతుంది. ఇంకో మాట నాకు రాదు, నేర్చుకునే యోగమూ లేదు.

చైనాలో ఏదో ఊళ్ళో నన్ను అచ్చు పోశారు. అక్షరాన్ని ఉబ్బెత్తుగా తీసి, ఎర్ర రంగు అద్ది, మిషన్‌కు తగిలించి ఓడెక్కించారు. ఇక్కడికి వచ్చిన మొదటి రెండేళ్ళు నాకు ఏ లోటూ లేదు. ఎర్రగా ఉన్నది ఆపేది అని అందరికీ తెలుసు. నా రంగును చూశారు గాని నా అక్షరాన్ని ఎవరూ చూడలేదు. నేనూ పట్టించుకోలేదు. పని జరుగుతున్నంత కాలం మర్యాద ఎవడడిగాడు?

మూడో ఏడు దసరాకు సేటు మిషన్‌కు రంగు వేయించాడు. ఆయుధపూజ నాటికి కొత్తగా మెరవాలట. వచ్చిన పెయింటరు పనిమంతుడు, దేన్నీ వదల్లేదు. మిషన్ ఒళ్ళంతా, పెట్టె, ఆరు బటన్లు, అన్నిటికీ ఒకే ఆకుపచ్చ కొట్టి వెళ్ళిపోయాడు. ఆ పైన పంతులొచ్చి మా ఆరుగురికీ గంధం రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చాడు. ఆరుగురం కవలపిల్లల్లా తయారయ్యాం. ఇంత మంది చేతులు జోడించి దండం పెట్టారు కదా, ఒక్కరైనా 'వీటిలో ఆపేది ఏదిరా' అని అడగలేదు.

ఆ నెలలోనే ఒకామె చున్నీ కొస మిషన్ నోట్లో పడింది. పెట్టె దగ్గర ఉన్నది మేస్త్రీ బాలకిష్టయ్య. తడుముకుని, తడుముకుని, రెండు తప్పు బటన్లు ఒత్తాక నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి చున్నీ మొత్తం పోయింది. మెడకు చుట్టుకోలేదు కాబట్టి మనిషి మిగిలింది. బాలకిష్టయ్య నవ్వి, "చున్నీలేసుకొని రావొద్దని చెప్పిన్నా లేదా" అని ఆమెనే కసిరాడు.

అందరూ నవ్వి మరచిపోయారు. అంజిలమ్మ మాత్రం మరచిపోలేదు. కొడంగల్ వైపు నుంచి కూలికి వచ్చిన మనిషి, నలభై దాటి ఉంటాయి. మిషన్ నోట్లో డబ్బాలు, బకెట్లు వేసే పని ఆమెది, ఆమెతో పాటు ఇంకో ఐదుగురు ఆడవాళ్ళది. మర్నాడే మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. "అన్నా, ఆపేదానికి జర ఎర్ర రంగు పుయ్యిపియ్యరాదే. మా చేతులు దాండ్ల ఉంటయి" అంది. బాలకిష్టయ్య రేపన్నాడు. ఆ రేపు మీకూ తెలిసిన రేపే.

చలికాలంలో కత్తులు మార్చడానికి చైనా నుంచి లియు అనే ఫిట్టరు వచ్చాడు. పన్నెండు రోజులున్నాడు. అంజిలమ్మ అన్నం తినే వేళలో అతని దగ్గరికి వెళ్ళి, పెట్టె చూపించి, చేతులు అడ్డంగా ఊపి, ఏది ఆపేది అని సైగ చేసింది. అతను నన్ను చూపించాడు. అంతటితో పోతుందనుకున్నాను. పోలేదు. వేలితో నా ముఖం తడిమి, ఇదేమిటని అడిగింది.

ఆమె బడి మొహం చూసిన మనిషి కాదు. తెలుగులో 'అ' కూడా రాదు. జీతం కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. అలాంటి మనిషికి లియు నేల మీది ప్లాస్టిక్ పొడిలో నన్ను గీసి చూపించాడు. అతని ఫోన్ అతని మాటలను తెలుగులోకి మార్చి, జ్వరం వచ్చిన గొంతుతో చెప్పింది. ఎడమ వైపు నిలబడ్డది మనిషి. కుడి వైపు బాటసారులు అలుపు తీర్చుకునే చోటు. పైన కప్పు, కప్పు కింద కిటికీ, దాని కింద చూరు, చూరు కింద ఒంటి స్తంభం.

"సత్రం," అంది అంజిలమ్మ. "సత్రం కాడ మనిషి నిలవడ్డడు. అంతేనా?"

ఫోన్ ఏం చెప్పిందో గాని లియు తల ఊపాడు. దాని వాడుక కూడా చెప్పాడు. వాన ఆగిందన్నా ఇదే అక్షరం. కరెంటు పోయిందన్నా ఇదే. బండ్లు నిలిపే చోట బోర్డు మీదా ఇదే. అంజిలమ్మకు అది తెగ నచ్చింది. "మేం గూడ వాన నిలిచింది, బస్సు నిలిచింది అనే అంటం గదా. గింత దూరమొచ్చినా మాట ఒక్కతీర్గనే ఉన్నది" అని పక్కవాళ్ళతో చెప్పుకుంది.

పదకొండు గీతలు. రోజూ పొడిలో గీసేది, చెరిపేది. మొదట్లో మనిషి సత్రం మీద పడిపోయేవాడు. తరువాత స్తంభం వంకరపోయేది. లియు వెళ్ళే ముందు రోజు ఆమె తప్పు లేకుండా గీసింది. నేను లోహపు పెట్టెకు అతుక్కుపోయి ఉన్నాను గాని, లేకపోతే ఆ రోజు గెంతేవాణ్ణి. ఇక్కడివాళ్ళలో నన్ను చదివిన మొదటి మనిషి ఆమె. ఆమె చదివిన మొదటి అక్షరం నేను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నేను ఆమెను ప్రేమించాను.

తరువాత మిగతా ఐదుగురికీ నేర్పుదామని కూర్చుంది. తన ఒక్కదానికి తెలిస్తే చాలదని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. చేయి లోపల ఇరుక్కున్న మనిషి బటన్ ఎలా ఒత్తుతుంది? బయట ఉన్నవాళ్ళకు తెలియాలి. ముందుగా తన ఊరి మనిషి చెన్నమ్మను పట్టుకుంది. ఎడమ పక్క మనిషి వచ్చాడు, కప్పు వచ్చింది, కిటికీ దాకా వచ్చారు. అంతలో బాలకిష్టయ్య చూశాడు.

"ఏందే ఈ చీనా సదువులు? కలెక్టర్లు అయితరా?" అని చెప్పుతో ఆ పొడిని చెరిపేశాడు. మళ్ళీ గీస్తూ కనిపిస్తే పనిలోంచి తీసేస్తానన్నాడు. చెన్నమ్మకు ఇద్దరు పిల్లలు, భయపడింది. మిగతావాళ్ళు అప్పటికే భయపడి ఉన్నారు. చదువు కిటికీ దగ్గరే ఆగిపోయింది.

మళ్ళీ దసరా వచ్చింది. మళ్ళీ గంధం, కుంకుమ. ఈసారి పంతులు మరీ భక్తిపరుడు, గంధం వేలెడు మందాన పట్టించాడు. మర్నాడు పొద్దున మిషన్ మొదలుపెట్టినప్పుడు అది ఎండి, గట్టిపడి మా ముఖాల మీదే ఉంది. దేవుడి గంధం తుడవకూడదట. పదకొండు గంటలప్పుడు బాలకిష్టయ్యకు ఫోన్ వచ్చింది. అంతవరకు పెట్టె ముట్టని చెన్నమ్మను దాని దగ్గర నిలబెట్టి గేటు వైపు వెళ్ళాడు.

మిషన్ నోట్లో ఒక నీళ్ళ డ్రమ్ము అడ్డం పడింది. అంజిలమ్మ దాన్ని తోయబోయింది. మిషన్ ఆమె కుడిచేతిని గాజుల దగ్గర పట్టుకుంది.

"చెన్నీ, సత్రం. సత్రం ఒత్తు" అంది. మొదటిసారి మామూలు గొంతుతోనే అంది. తనకు తెలిసిన అక్షరం కాబట్టి ధైర్యంగా ఉందనుకుంటాను.

చెన్నమ్మ చూసింది. ఆరు గంధపు ముద్దలు కనిపించాయి, సత్రం ఎక్కడా కనిపించలేదు. కొంగుతో మొదటిదాన్ని రుద్ది ఒత్తింది, దీపం వెలిగింది. రెండోది ఒత్తింది, మిషన్ జోరందుకుంది. అంజిలమ్మ గొంతు అప్పుడు మారింది. మూడోదాన్ని రుద్దుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, రెండంగుళాల దూరంలో. నేను పుట్టిందే ఆ ఒక్క మాట చెప్పడానికి. నా నోటి నిండా గంధం కుక్కారు. చెన్నమ్మ వేలు నా మీద పడేసరికి అంజిలమ్మ చేయి మోచేతి దాకా పోయింది.

మూడు వారాలకు విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. అప్పటికి మమ్మల్ని సబ్బు పెట్టి కడిగారు. నా ముఖానికి ఎర్ర రంగు కూడా వేశారు. ఏడాదిగా రాని రేపు అరగంటలో వచ్చింది. అంజిలమ్మను ఆస్పత్రి నుంచి ఆటోలో తీసుకొచ్చారు. మోచేతి దగ్గర కట్టు, మనిషి సగమైంది.

ఆఫీసరు చెడ్డవాడిలా లేడు. మెల్లగానే అడిగాడు. "అమ్మా, ఆపే బటన్ ఏదో నీకు ఎరుకేనా?"

వెనక నుంచి చెన్నమ్మ ఆమె కొంగు లాగింది. అంజిలమ్మ పట్టించుకోలేదు. తెలిసినదాన్ని తెలియదనడం ఆమెకు చేతకాదు. ఎడమ చేయి చాచి నన్ను ముట్టుకుంది. "ఇది సార్. మనిషి, పక్కన సత్రం. ఆగుమని అర్థం. వాన నిలిచినా ఇదే రాస్తరు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. వద్దు తల్లీ, నేను నీకు తెలియనని చెప్పు అని ఎంత మొత్తుకున్నానో నాకే తెలుసు.

"ఎవరు నేర్పించిండ్రు?"

"చీనా నుంచొచ్చిన సారు."

"అంటే కంపెనీ తరఫునే సార్," అన్నాడు బాలకిష్టయ్య వెంటనే.

ఆఫీసరు రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. 'యంత్రంపై గల గుర్తుల అర్థము, వాడుక కార్మికురాలికి పూర్తిగా తెలియును. తెలిసియుండియు అజాగ్రత్తగా వ్యవహరించినందున ప్రమాదము జరిగినది.' కింద వేలిముద్ర వేయమన్నారు. బాలకిష్టయ్య అలవాటు కొద్దీ ఇంకు డబ్బా ఆమె కుడివైపు పెట్టాడు. తరువాత డబ్బా ఎడమవైపుకు జరిపారు.

ముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంటూ అంజిలమ్మ అడిగింది. "సార్, నాకు ఆ అక్షరం రాకుంటే తప్పు నాది కాకపోవునా?"

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. ఆటో ఎక్కించి ఆమెను పంపించేశారు.

ఆ మధ్యాహ్నమే మిషన్ మళ్ళీ నడిచింది. అంజిలమ్మ చోట కొత్త మనిషి వచ్చింది. ఆరింటికి పని ముగిశాక బాలకిష్టయ్య ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతూ పెట్టె దగ్గరికి వచ్చాడు. మా వైపు చూడనే లేదు. ఒక్క వేలు చాచి, తడుముకోకుండా, నన్ను ఒత్తాడు.